గొడ్డురాలికి పుంలింగమేది?

చిన్నప్పుడు బళ్ళో రుగాగమసంధి చదవనివారు మనలో ఎవరూ ఉండరు. పేద మొదలైన మాటలకు "ఆలు" చేరినప్పుడు నడుమ ఒక రేఫ వచ్చి కూర్చుంటుందని మాస్టారు చెబితే ఉదాహరణలు వల్లె వేశాం. పేదరాలు, మనుమరాలు, బాలింతరాలు, గొడ్డురాలు. పరీక్షలో రెండు మార్కులు వచ్చాయి, మరిచిపోయాం. మొన్న ఒక ఎక్స్‌రే గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు ఆ జాబితా మళ్ళీ గుర్తుకు వచ్చింది. పేదరాలికి జోడుగా పేదవాడున్నాడు. మనుమరాలికి మనుమడున్నాడు. బాలింతరాలికి జోడు లేదంటే అది ప్రకృతి చేసిన ఏర్పాటు, దానికెవరినీ అనలేం. మరి గొడ్డురాలికో? వాడుకలో నేనెరిగినంత మేరకు ఆ మాటకు మగజోడు లేదు. నపుంసకుడనే మాట ఉన్నది కదా అంటారేమో, దాని అర్థం వేరు. చక్కగా కాపురం చేస్తూ, లోపం తనలో ఉండి బిడ్డలు కలగని మగవాడికి మన భాష పేరు పెట్టలేదు. పేరు లేనివాణ్ణి పిలవడం ఎలాగ? పిలవనివాడు పరీక్షకు రావడం ఎలాగ?

ఈ వ్యాసం ఆ పరీక్ష గురించే. ఇలాంటి సంగతులు ఇక్కడ వ్రాయడమేమిటని నొసలు చిట్లించే పెద్దలకు ముందుగానే క్షమాపణ చెప్పుకొంటున్నాను. క్షమాపణ చెప్పినా వ్రాయడం మాత్రం మానను.

జరిగింది ఇది. మా చిన్నాన్న కూతురిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు ఊరు. పెళ్ళై మూడేళ్ళు. భర్త గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోటు మీద పని చేస్తాడు. పిల్లలు లేరు. ఒక పట్టణంలో డాక్టరుగారికి చూపిస్తే ఒక చీటీ ఇచ్చారట. నాకు చూపించింది. ట్యూబుల ఎక్స్‌రే, ఎనిమిదో రోజు, పరగడుపున రావాలి, తోడు మనిషిని తెచ్చుకోవాలి. అందులో ఉన్నవి ఈ నాలుగు ముక్కలే. ఆ తోడు మనిషిని నేను.

తొలి బస్సుకు బయలుదేరి వచ్చింది, గ్లాసుడు కాఫీ కూడా తాగకుండా. పదకొండున్నరకు పిలిచారు. లోపలికి వెళ్ళేముందు నడుముకున్న తాయెత్తు తియ్యమన్నారు. లోహం ఉంటే ఫొటోలో నీడ పడుతుందట. అది పిల్లలు కలగాలని అత్తగారు మొక్కి కట్టించిన తాయెత్తు. ముడి రాలేదు. ఆయా కత్తెర తెచ్చి తెంపి, నా చేతిలో పెట్టింది. తలుపు సగమే మూశారు. పావుగంట సేపు లోపలినుంచి రెండే రెండు మాటలు వినిపించాయి. "కదలొద్దమ్మా, ఫొటో చెడిపోతాది" అని ఒకరు. "అమ్మా" అని మా పిల్ల. బయటికి వచ్చాక మొహం పాలిపోయి, చీర కొంగు పళ్ళ మధ్య ఇంకా బిగించుకొనే ఉంది. ఆటోలో చాలా దూరం మాట్లాడలేదు. తరవాత అంది: "అప్పా, ఇంత నొప్పెడతాదని ఒక్కరూ సెప్పనేదేటి?"

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆలోచించిన కొద్దీ నాకు కోపం పెరిగింది. ఆ కోపమే ఈ వ్యాసం.

ముందు ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. దాని పూర్తిపేరు హిస్టిరోసాల్పింగోగ్రామ్. నోరు తిరగదు కనక హెచ్.ఎస్.జి. అంటారు, మనవాళ్ళు ట్యూబుల టెస్టు అంటారు. గర్భాశయమూ, దానికి రెండుపక్కలా ఉండే అండవాహికలూ మెత్తని కండరం. మామూలు ఎక్స్‌రేలో కనబడవు. అందుకని గర్భాశయ ద్వారంలోంచి సన్నని గొట్టం పెట్టి, అయొడిన్ కలిసిన మందును మెల్లగా ఎక్కిస్తూ ఎక్స్‌రే తీస్తారు. మందు గర్భాశయాన్ని నింపి, గొట్టాల్లోకి పాకి, చివరనుంచి పొట్టలోకి చిందితే దారి తెరిచి ఉన్నట్టు. ఎక్కడైనా ఆగితే అక్కడ అడ్డు ఉన్నట్టు. రంట్‌జన్ ఈ కిరణాలను 1895లో కనుగొన్నాడు. 1910లో జర్మనీలో రిండ్‌ఫ్లైష్ అనే వైద్యుడు బిస్మత్ ముద్దతో మొదటిసారి గర్భాశయాన్ని ఇలా చూశాడు. 1914లో అమెరికాలో కేరీ, రూబిన్ వేరువేరుగా వెండి కలిసిన ద్రావణంతో గొట్టాల దారి చూశారు. అంటే పరీక్షకు నూరేళ్ళు దాటాయి. నూరేళ్ళలో మందు మారింది, యంత్రం మారింది. "నీకిలా చేస్తాం తల్లీ" అని బల్ల మీద పడుకోబోయే మనిషికి చెప్పడమొక్కటీ మనదాకా రాలేదు.

ఇప్పుడు అసలు మాట. ఈ పరీక్షకు సిద్ధం కావడమంటే పరగడుపున బస్సెక్కడం కాదు. మత్తుమందు ఇవ్వదలిస్తే తప్ప దీనికి కడుపు మాడ్చుకోవలసిన అవసరమే సాధారణంగా లేదు. సిద్ధం కావడంలో మొదటి అడుగు ఆడదానిది కానే కాదు. మగవాడిది.

పిల్లలు కలగని జంటల్లో సుమారు సగంమందిలో మగవాడి పక్కనుంచి కూడా ఏదో ఒక కారణం కనిపిస్తుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. వీర్యపరీక్షకు గొట్టాలు లేవు, కిరణాలు లేవు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు నిగ్రహం పాటించి, చిన్న డబ్బాలో నమూనా ఇచ్చి, గంటలోపు ల్యాబుకు చేరిస్తే చాలు. ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఫలితం తేడాగా ఉంటే కొన్ని వారాలాగి మరొకసారి చేస్తారు, అంతే. నొప్పిలేని, చవకైన పరీక్షను వదిలిపెట్టి, నొప్పి ఉన్న, ఖరీదైన పరీక్షను ముందు చేయించడం ఏ శాస్త్రం? ఇది శాస్త్రం కాదు, రుగాగమసంధి. గొడ్డురాలనే మాట ముందే సిద్ధంగా ఉన్నది కనక దానికి తగిన మనిషిని వెతకడం.

రెండో అడుగు లెక్క. ఏడాదిపాటు, గర్భనిరోధకం లేకుండా, క్రమంగా కాపురం చేసినా గర్భం రాకపోతే పరీక్షలు మొదలుపెట్టాలని వైద్యుల సూత్రం. ముప్ఫై అయిదేళ్ళు దాటినవారికి ఆరు నెలలు చాలు. ఇక్కడ ఏడాది అంటే క్యాలెండరు ఏడాది కాదు, కాపురం చేసిన ఏడాది. మన జిల్లాల సంగతి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం తీరగ్రామాల మగవాళ్ళు వేరావల్ బోట్ల మీదికి వెళ్ళడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. 2018 చివర్లో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో ఇరవైమంది వాఘా దగ్గర విడుదలైతే దేశమంతా తెలిసింది. 2025లో "తండేల్" సినిమా వచ్చాక ఇంకా తెలిసింది. పశ్చిమ తీరంలో జూన్, జూలై నెలలు వేట నిషేధం. ఆ రెండు నెలలే వాళ్ళు ఇంటిపట్టున ఉండే రోజులు. ఆగస్టులో మళ్ళీ ప్రయాణం. మా పిల్ల కాపురం మూడేళ్ళని డాక్టరుగారి చీటీలో ఉంది. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఏడు నెలలు కూడా లేదు. సూత్రం ప్రకారం చూస్తే ఆమెకింకా పరీక్షల వయసే రాలేదు! "మీ ఆయన ఎక్కడుంటాడమ్మా?" అన్న ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే ఈ సంగతి బయటపడేది.

ఇంకొక సంగతి వినండి. 2017లో నెదర్లాండ్స్‌లోని 27 ఆసుపత్రుల్లో 1119 మంది స్త్రీల మీద జరిగిన ఒక పరిశీలన వెలువడింది. ఈ పరీక్షకు నూనెమందు వాడినవారిలో ఆరు నెలల్లోపు గర్భం నిలిచినవారు 39.7 శాతం. నీటిమందు వాడినవారిలో 29.1 శాతం. ఆ నూనె మరేదో కాదు, అయొడిన్ కలిపిన గసగసాల నూనె. నూనెమందుకు దాని జాగ్రత్తలు దానికున్నాయి, అది అందరికీ పనికిరాదు. ఏ మందు వాడాలో వైద్యులే చెప్పాలి. నేను చెప్పదలచింది వేరు. పరీక్ష తరవాతి నెలలు అంత విలువైనవై ఉండవచ్చునని తెలిశాక, భర్త అరేబియా సముద్రంలో ఉన్న నవంబరు నెలలో ఆ పరీక్ష చేయించడమెందుకు? అదేదో అతను ఊరికి వచ్చే జూన్‌లో, ముందు అతని పరీక్ష పూర్తిచేసి, అప్పటికీ అవసరమనిపిస్తే ఆమెకు చేయించకూడదా?

మూడో అడుగు నొప్పి. మందు నిండేటప్పుడు గర్భాశయం మెలిపెట్టినట్టు నొప్పి రావచ్చు. కొందరికి నెలసరి నొప్పంత, కొందరికి అంతకు చాలా ఎక్కువ. అరగంటో గంటో ముందు ఒక నొప్పిమాత్ర వేసుకొమ్మని చెప్పడం అనేక దేశాల్లో మామూలు మర్యాద. అయితే మన జిల్లాలో ఈ మర్యాదకు కూడా ఒక మెలిక ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల జబ్బు కారణం తేలకుండానే ఇళ్ళకిళ్ళను ఎలా పీడిస్తున్నదో మనకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రమూ తెరిచారంటేనే ఆ పీడ ఎంతటిదో అర్థమవుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. అందుచేత ఉద్దానం ఆడపిల్లకు మాత్ర ఇచ్చేముందు రక్తంలో క్రియాటినిన్ చూడాలి. తేడా ఉంటే ఆ మాత్రలు మాని వేరే ఉపాయం వైద్యులే చెప్పాలి. మా పిల్లకు మాత్రా ఇవ్వలేదు, ప్రశ్నా అడగలేదు.

నాలుగో అడుగు ఫలితం చదవడం. మా పిల్ల రిపోర్టులో కుడి గొట్టం నిండలేదని వ్రాశారు. అప్పటికే అత్తవారింట ఏడుపు మొదలైంది. కాని గర్భాశయపు మూలల్లో కండరం భయానికీ నొప్పికీ బిగుసుకొన్నా మందు లోపలికి పోదు. అడ్డు లేకపోయినా అడ్డున్నట్టే కనబడుతుంది. అందుకే ఒక్క ఫిల్ము చూసి గొట్టం మూసుకుపోయిందని తీర్పు చెప్పరాదని, అవసరమైతే మళ్ళీ చూడాలని, లాపరోస్కోపీతో తేల్చుకోవాలని వైద్యులే అంటారు. చెప్పకుండా భయపెట్టి, ఆ భయానికి కండరం బిగిస్తే, ఆ బిగింపును జబ్బని వ్రాయడం! నొప్పి సంగతి ముందుగా చెప్పడం దయ కోసమే కాదు, ఫిల్ము సరిగా రావడానికి కూడా. మనదేశంలో గొట్టాలు దెబ్బతినడానికి ఒక ముఖ్యకారణం క్షయ. అది ఊపిరితిత్తులకే కాదు, గర్భాశయానికీ వస్తుంది. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండేదా అని అడగడానికి యంత్రం అక్కర్లేదు, నోరు చాలు.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదాలు మూడు.

"ఇవన్నీ చెబితే భయపడి అసలు రారండీ." పురిటి నొప్పుల గురించి పదేళ్ళ పిల్లకు కూడా కథలు కథలుగా చెప్పే ఊళ్ళు మనవి. విన్నందుకు కనడం మానేసినవారెవరు? మనిషిని పారిపోయేలా చేసేది తెలిసిన నొప్పి కాదు, తెలియని నొప్పి.

"డాక్టర్లకు తీరిక లేదండీ." నిజమే. గవర్నమెంటు ఆసుపత్రి బయట క్యూ చూసినవాళ్ళెవరూ కాదనరు. అందుకే నేను డాక్టరుగారి సమయం అడగడం లేదు. అరపేజీ కాగితం అడుగుతున్నాను. డబ్బు కట్టిన రసీదు అచ్చువేయడానికి కాగితం దొరికినప్పుడు దీనికీ దొరుకుతుంది.

"మగవాళ్ళు పరీక్షకు ఒప్పుకోరండీ." ఎవరడిగారు? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొన్నవారే. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. పిల్లలు వద్దనుకొన్నా కత్తి ఆమె కడుపుకే, కావాలనుకొన్నా గొట్టం ఆమె కడుపుకే. అడగకుండానే ఒప్పుకోరని తేల్చేసిన అలవాటు ఎంత పాతదో ఈ అంకెలు చెబుతున్నాయి.

విజయనగరంలో ఘోషాసుపత్రి మీలో చాలామందికి తెలుసు. ఆ పేరు ఏడుపు ఘోషనుంచి వచ్చింది కాదు. ఘోషా అంటే పరదా. మద్రాసులో 1885లో డాక్టర్ మేరీ షార్లీబ్ పూనికతో ఇలాంటి పేరుతోనే ఒక ఆసుపత్రి వెలిసింది. మగవైద్యుడి ఎదుట పడడం కంటే చావే నయమనుకొనే స్త్రీల కోసం ఆనాటివారు ఆలోచించి కట్టిన ఆసుపత్రులవి. పరదా పోయింది, పోవలసిందే. కాని పరదా వెనక ఉన్న మనిషికి ఒక మనసున్నదన్న గ్రహింపు కూడా దానితోపాటే పోయినట్టుంది. సగం మూసిన ఆ తలుపు దగ్గర కూర్చొని నేను అనుకొన్నది అదే.

కోపం వెళ్ళగక్కి ఊరుకొంటే దండగ. అందుకని ఆ అరపేజీ నేనే వ్రాశాను. ఒక వైద్యులకు చూపించి దిద్దించుకొని ఎవరైనా వాడుకోవచ్చు. నా పేరు అక్కర్లేదు.

"అమ్మా, ఈ పరీక్షకు ముందు మీ ఆయన వీర్యపరీక్ష అయిందో లేదో అడగండి. కాకపోతే అది ముందు చేయించండి.

నెలసరి మొదలైన రోజు ఒకటో రోజు. రక్తస్రావం పూర్తిగా ఆగాక, సాధారణంగా ఆరు నుంచి పదో రోజు మధ్యలో పరీక్ష ఉంటుంది. నెలసరి వచ్చినప్పటినుంచి పరీక్ష అయ్యేదాకా భార్యాభర్తలు కలవకూడదు. గర్భం ఉన్నదేమోనని ఏమాత్రం అనుమానమున్నా చెప్పండి, పరీక్ష ఆపుతారు.

జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో తెలుపు ఉంటే దాచవద్దు. ఇన్ఫెక్షను ఉండగా ఈ పరీక్ష చెయ్యకూడదు. ఇదివరకు అలాంటి జబ్బు చేసినా చెప్పండి, యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. ఎక్స్‌రే మందు ఎప్పుడైనా పడకపోయినా, థైరాయిడ్, కిడ్నీ, షుగరు, ఉబ్బసం ఉన్నా చెప్పండి. రొయ్యలు పడకపోవడానికీ ఈ మందులోని అయొడిన్‌కూ సంబంధం లేదు.

తేలికగా తిని రండి, తినవద్దని ప్రత్యేకంగా చెబితే తప్ప. నొప్పిమాత్ర ఏది, ఎప్పుడు వేసుకోవాలో ముందే అడగండి. నడుముకున్న లోహపు వస్తువులు ఇంటి దగ్గరే తీసి భద్రపరచుకోండి. శుభ్రమైన ప్యాడు వెంట తెచ్చుకోండి. లోపలికి వెళ్ళేముందు మూత్రానికి వెళ్ళి రండి.

లోపల ఒక ఆడమనిషి మీ పక్కన ఉండాలని, తలుపు వేయాలని అడిగే హక్కు మీకుంది. ఎక్కించే మందు రెండు మూడు చెంచాలంత. వాడే కిరణాలు తక్కువ. మందు నిండేటప్పుడు నొప్పి వస్తుంది, మెల్లగా ఊపిరి తీసుకోండి. భరించలేకపోతే ఆపమనండి, ఆపాలి. తరవాత ఒకటి రెండు రోజులు కొద్దిగా రక్తపు మరక, జిగురు కనబడవచ్చు. జ్వరం, పెరిగే నొప్పి, ఎక్కువ రక్తం, దుర్వాసన ఉంటే ఆగకుండా ఆసుపత్రికి రండి."

ఇంతే. పేజీకి కాస్త అటూ ఇటూ. దీనికి కావలసింది యంత్రమూ కాదు, నిధులూ కాదు. అమ్మతనం మీద ఏటా కవితలు వ్రాసే మనం, అమ్మ కావాలని ఆ బల్ల మీద పడుకొన్న మనిషి చేతిలో పెట్టడానికి ఈ ఒక్క కాగితం వ్రాయలేకపోయాం. నన్నూ కలుపుకొనే అంటున్నాను.

జూన్‌లో మా మరిది వేరావల్‌నుంచి వచ్చాడు. ఎవరూ అడగలేదు కనక నేనే అడిగాను. కాసేపు నేల చూపులు చూసి, "ఎప్పుడెళ్ళాలి వదినా?" అన్నాడు. మర్నాడు వెళ్ళాడు. ఒప్పుకోని మగవాడంటే ఇతనేనా? ఆ ఫలితమేమిటో ఇక్కడ వ్రాయను. అది అతని సొంత విషయం. మా పిల్ల ఫలితం మాత్రం, కుడి గొట్టంతో సహా, వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు. తేడా ఎక్కడున్నదో మీకు తెలుస్తూనే ఉండాలి.

మళ్ళీ వ్యాకరణానికి వస్తాను. ఆగమం మిత్రుడిలా వచ్చి ఉన్నవారి పక్కన చోటు చేసుకొంటుందని, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తోసి కూర్చుంటుందని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. ఆసుపత్రి చీటీలో మా పిల్లకు దొరికింది ఆదేశం. ఆమెకు కావలసింది ఆగమం, పక్కన వచ్చి కూర్చొనే ఒక అక్షరం. తెంపిన ఆ తాయెత్తు ఇంకా నా సంచిలోనే ఉంది. తిరిగి ఇస్తే తీసుకోలేదు. "ఉంచప్పా, ఇంకోళ్ళు ఎవరైనా టెస్టుకెల్తే ముందే తీసీమని చూపించు" అంది. ఆమె ముందే చెప్పడం మొదలుపెట్టింది. మిగతాది చదువుకొన్నవాళ్ళ వంతు.